నెలలు నిండాక డాక్టరు మార్పు: సిజేరియన్ తర్వాత సహజ ప్రసవం, శంషాబాద్ పరిసరాలు

మొదటి కాన్పు సిజేరియన్ అయిన స్త్రీ, రెండో బిడ్డనైనా ఆపరేషన్ లేకుండా కనాలనుకుని, ఏడో నెల దాటాకో తొమ్మిదో నెల పడ్డాకో అప్పటిదాకా చూపించుకున్న డాక్టరును వదిలి మరొకరి దగ్గరికి వెళ్ళడం ఈ వ్యాస విషయం. సిజేరియన్ తర్వాత జరిగే సహజ ప్రసవాన్ని వైద్యులు వీబ్యాక్ అంటారు. దానికోసం నొప్పులు పడి ప్రయత్నించి చూడటాన్ని టోలాక్ అంటారు. టోలాక్ ప్రయత్నం, వీబ్యాక్ ఫలితం. ఈ తేడా తెలియక చాలా ఇళ్ళలో గొడవలు వస్తాయి, ఎందుకంటే ఏ డాక్టరైనా మాట ఇవ్వగలిగేది ప్రయత్నానికి మాత్రమే. తగినవారిని ఎంచి ప్రయత్నించినప్పుడు వందలో 72 నుంచి 75 మందికి నార్మల్ డెలివరీ అవుతుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015 నాటి మార్గదర్శకం చెబుతోంది. మిగిలినవారికి నొప్పులు పడ్డాక మళ్ళీ ఆపరేషన్ తప్పదు.

శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో, బెంగళూరు హైవే మీద ఉన్న మండల కేంద్రం. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడ మొదలయ్యాక ఊరి తీరే మారిపోయింది. కాన్పు విషయంలో ఇక్కడ మూడు రకాల వాళ్ళు కలుస్తారు: విమానాశ్రయం చుట్టూ పాతుకున్న స్థానికులు, ఉద్యోగులు; కొత్తూరు, షాద్‌నగర్ వైపు ఫ్యాక్టరీల దగ్గర బతికే కుటుంబాలు; కడుపులో బిడ్డతో గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఇక్కడ దిగి, చేతిలో పరాయి దేశపు ఫైలుతో కొత్త డాక్టరును వెతుక్కునేవాళ్ళు.

పాత సూత్రం, దాని వెనకాల కథ

ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే అన్న మాట 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆయన ఉద్దేశం మొదటి ఆపరేషన్‌ను తేలిగ్గా చేయవద్దని హెచ్చరించడం. పైగా సిజేరియన్ తర్వాత మామూలుగా కన్నవాళ్ళు ఉన్నారని ఆ వ్యాసంలో ఆయనే ఒప్పుకున్నాడు. అయినా వందేళ్ళుగా జనం నోట నిలిచింది సగం మాటే. అప్పట్లో గర్భాశయం పైభాగంలో నిలువుగా కోసేవారు. ఆ భాగమే నొప్పుల్లో బలంగా ముడుచుకుంటుంది కాబట్టి తర్వాతి కాన్పులో కుట్లు విడిపోయే ప్రమాదం ఎక్కువ. 1920లలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ గర్భాశయం కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. ఈ రోజు మన డిశ్చార్జి కాగితాల మీద ఎల్‌ఎస్‌సీఎస్ అని రాసేది ఈ కోతనే. కోత మారినా సూత్రం మాత్రం పాతదే మిగిలింది.

1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సమావేశం, తగినవారికి నొప్పుల ప్రయత్నం ఇవ్వవచ్చని తేల్చింది. అక్కడ వీబ్యాక్ రేటు పెరిగి 1996లో 28 శాతం దాటింది. అప్పుడు తగని వాళ్ళకు కూడా, మందులతో నొప్పులు తెప్పించి మరీ ప్రయత్నించారు. గర్భాశయం చిట్లిన కేసులు, కోర్టు దావాలు వచ్చాయి. సర్జను, మత్తు డాక్టరు వెంటనే అందుబాటులో ఉండాలని 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల కాలేజీ షరతు పెట్టడంతో చిన్న ఆసుపత్రులు మానుకున్నాయి. 2006 నాటికి రేటు 8 శాతం దగ్గరికి పడిపోయింది. 2010లో మరో సమావేశం ఆ షరతులను మళ్ళీ పరిశీలించమంది. ముప్పై ఏళ్ళలో వైద్యలోకం రెండుసార్లు ఇటు నుంచి అటు తిరిగిందన్నమాట. శంషాబాద్‌లో ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే ఒకరు మోసం చేస్తున్నారని అనుకోనక్కర్లేదు. ఎవరు ఏ కాలంలో చదువుకున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు అన్నదాన్ని బట్టి కూడా ఆ జవాబులు మారతాయి.

తెలంగాణలో కోతల లెక్క

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4 శాతం. రాష్ట్రాల్లో తెలంగాణదే మొదటి స్థానం, ఆ రాష్ట్రంలో కరీంనగర్ జిల్లా 80 శాతం కూడా దాటింది. జనాభా మొత్తం మీద చూస్తే సిజేరియన్లు పది శాతం దాటాక ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

ఆపరేషన్లు ఎక్కువ కాబట్టే తల్లుల మరణాలు తగ్గాయని వాదించేవారున్నారు. 2018–20 లెక్కల్లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు, దేశ సగటు 97 కంటే ఇది చాలా మేలు. కానీ అదే లెక్కలో కేరళ సంఖ్య 19, అక్కడి సిజేరియన్లు 38.9 శాతమే. కాబట్టి ఈ వాదన నిలబడదు.

మొదటి కాన్పులో ఇన్ని కోతలు పడ్డాక రెండో కాన్పు లెక్క ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఐర్లండ్ వైద్యుడు మైకేల్ రాబ్సన్ 2001లో గర్భిణులందరినీ పది గుంపులుగా విడదీసే పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో అయిదో గుంపు మనం మాట్లాడుకుంటున్న వాళ్ళు: ముందు సిజేరియన్ అయి, ఇప్పుడు తల కిందికి ఉన్న ఒకే బిడ్డతో 37 వారాలు నిండినవాళ్ళు. సిజేరియన్లు పెరిగిన ప్రతిచోటా ఈ గుంపు ఏటేటా లావెక్కుతుంది. మొదటి కోతను ఆపకుండా రెండోదాన్ని తగ్గించాలని చూడటం ఆలస్యమైన ప్రయత్నమే. అయినా కోత అప్పటికే పడిపోయిన స్త్రీకి మిగిలిన అవకాశం అదొక్కటే.

ముహూర్తాల మాట ఇక్కడ దాటేయలేం. పంచాంగం చూపించి, తిథి, నక్షత్రం, గడియ రాయించుకొచ్చి ఆ సమయానికే బిడ్డను తీయమని అడిగే కుటుంబాలు తెలంగాణలో తక్కువేమీ లేవు. నొప్పులు పంచాంగం ప్రకారం రావు. అందుకే వీబ్యాక్ కోరుకునే కోడలికి డాక్టరు కంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళే అడ్డుపడే సందర్భాలు ఉంటాయి.

దీనికి తోడు ఇంకో స్థానిక కారణం ఉంది. తెలంగాణలో కుటుంబ నియంత్రణ అంటే దాదాపుగా స్త్రీల ఆపరేషనే. అదే సర్వేలో 61.9 శాతం వివాహిత స్త్రీలు ఆ ఆపరేషన్ చేయించుకున్నవారు. ఇద్దరు చాలనుకునే ఇంట్లో రెండో కాన్పే చివరిది. “ఎట్లాగూ కోస్తరు, పనిలో పని ట్యూబులు కూడా కట్టించేద్దాం” అనే మాట వినని ప్రసూతి వార్డు ఉండదు. ఈ మాటలో తర్కం లేకపోలేదు. వీబ్యాక్ వల్ల వచ్చే పెద్ద లాభాల్లో ఒకటి తర్వాతి గర్భాలకు సంబంధించింది. తర్వాతి గర్భమే లేనివారికి ఆ లాభం వర్తించదు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లోని తూకం ఇక్కడ కొంచెం వేరుగా పడుతుంది.

పుట్టిల్లు, మెట్టినిల్లు

నెలలు నిండుతుండగా డాక్టరును మార్చడం అనగానే ఏదో తిరుగుబాటులా కనిపిస్తుంది. నిజానికి తెలుగువాళ్ళు తరతరాలుగా చేస్తున్నది అదే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తారు. అంటే ఆరు నెలలు హైదరాబాద్‌లో చూసిన డాక్టరు వేరు, కాన్పు చేసే డాక్టరు వేరు. ఆ మార్పును ఎవరూ ప్రశ్నించరు. ఆచారం కాబట్టి డాక్టర్లు కూడా నొచ్చుకోరు. ఎలా కనాలన్నదాని కోసం స్త్రీ తనంతట తాను మారినప్పుడే అది వార్త అవుతుంది, ఇంట్లో పంచాయితీ అవుతుంది.

ఈ ఆచారానికి రెండో కాన్పులో ఒక తోక ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగింది కాబట్టి ఆ ఆపరేషన్ తాలూకు కాగితాలు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉంటాయి. రెండో కాన్పు మాత్రం కాపురం ఉన్నచోట, రాజేంద్రనగర్‌లోనో శంషాబాద్‌లోనో జరుగుతుంది. ఇంటిదగ్గర బీరువాలో ఉండేది ఒక డిశ్చార్జి సమ్మరీ. దానిమీద ఎల్‌ఎస్‌సీఎస్, దాని పక్కన కారణం ఒకే ఒక్క మాట: సీపీడీ (బిడ్డ తలకు దారి సరిపోదు) అనో, ఫీటల్ డిస్ట్రెస్ (కడుపులో బిడ్డకు ఇబ్బంది) అనో. గర్భాశయం మీద కోత ఎలా పడింది, గర్భద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నాక ఆపరేషన్ చేశారు, కోత పక్కకు చీలిందా, తర్వాత జ్వరం వచ్చిందా అన్నవేవీ అందులో ఉండవు. ఇవన్నీ ఉండే కాగితం ఆపరేషన్ నోట్. తొమ్మిదో నెలలో కొత్త డాక్టరు మొదట అడిగేది దాన్నే. అది లేక వెనక్కి వచ్చినవాళ్ళు డాక్టరు మొండితనాన్ని తిట్టుకుంటారు. పైకి కనిపించే కోత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోతా అడ్డంగానే ఉందని చెప్పలేం కాబట్టి ఆ డాక్టరు అడగడం న్యాయమే.

మార్పు ఎందుకు వస్తుంది

చాలామంది విషయంలో కథ ఒకేలా నడుస్తుంది. మూడో నెలలో “నార్మల్ అవుతుందా మేడం?” అని అడిగితే “చూద్దాం లెమ్మా, ఇంకా టైముంది” అన్న జవాబు వస్తుంది. ఏడో నెలలోనూ అదే. 36 వారాల స్కానింగ్ తర్వాత ఆపరేషన్‌కు డేట్ ఇస్తారు. కుట్టు పలచబడింది, బిడ్డ బరువు ఎక్కువుంది, ఉమ్మనీరు తగ్గింది, మెడలో పేగు ఉంది, తల ఇంకా దిగలేదు, రిస్క్ తీసుకోలేం: వీటిలో ఒకటో రెండో చెబుతారు. ఆ రోజు ఇంటికొచ్చాక మొదలవుతుంది కొత్త డాక్టరు కోసం వేట.

ఈ కారణాలన్నీ ఒక బరువువి కావు. మెడలో పేగు ఉండటం నెలలు నిండిన కాన్పుల్లో దాదాపు నాలుగో వంతులో కనిపించేదే, దానికదే ఆపరేషన్‌కు కారణం కాదు. స్కానింగ్‌లో చెప్పే బరువు పది పదిహేను శాతం అటూ ఇటూ కావచ్చు. పాత కుట్టు మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రిపోర్టు ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది, కానీ ఇంతకంటే తక్కువైతే ప్రయత్నించకూడదని అందరూ ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. ఉమ్మనీరు బాగా తగ్గితే మాత్రం ఆలోచించాల్సిందే. మాయ గర్భద్వారానికి అడ్డంగా ఉంటే చర్చే లేదు, ఆపరేషన్ చేయాలి. ముందు గర్భాశయం చిట్లిన చరిత్ర ఉన్నా, నిలువు కోత పడి ఉన్నా అంతే.

“ఎముకలు చిన్నవి, దారి సరిపోదు” అన్న మాట విడిగా చూడాలి. మొదటి కాన్పులో ఈ కారణం రాసి ఉంటే ఇక నార్మల్ ఆశ లేదని చాలామంది నమ్ముతారు. అమెరికాలో వేల మందిని గమనించిన ఒక పెద్ద పరిశీలనలో, నొప్పులు ముందుకు సాగక మొదటిసారి సిజేరియన్ అయినవాళ్ళలో కూడా 63 శాతం మందికి పైగా రెండోసారి మామూలుగానే కన్నారు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండి మొదటి ఆపరేషన్ జరిగినవారిలో ఇది 80 శాతం దాటింది. అంతకుముందు ఒక్కసారైనా నార్మల్ అయి ఉంటే 85 నుంచి 90 శాతం దాకా అవకాశం ఉంది.

డాక్టరు వైపు నుంచి చూస్తే తిరస్కారానికి సులువుగా కొట్టిపారేయలేని కారణాలున్నాయి. శంషాబాద్, అత్తాపూర్ వైపు చిన్న నర్సింగ్ హోమ్‌లలో ఒక్కరే ప్రసూతి డాక్టరు, ఫోన్ చేస్తే వచ్చే మత్తు డాక్టరు ఉండటం మామూలు. పన్నెండు, పద్దెనిమిది గంటలు ఒక్క పేషెంటును కనిపెట్టుకుని ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి బిడ్డ గుండె చప్పుడు పడిపోతే పది నిమిషాల్లో థియేటర్ సిద్ధం కావాలి. 1995లో సుప్రీం కోర్టు శాంత కేసు తీర్పుతో వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినందుకు కోర్టుకెక్కేవారి కంటే చేయనందుకు ఎక్కేవారే ఎక్కువని డాక్టర్ల భయం. “నా దగ్గర ఆ ఏర్పాటు లేదు, పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి” అని మూడో నెలలో చెప్పే డాక్టరు నిజాయితీపరురాలు. అదే మాట 37వ వారంలో చెప్పడంలోనే తప్పుంది. రాయల్ కాలేజీ మార్గదర్శకం కూడా ఎలా కనాలన్న నిర్ణయం 36 వారాల లోపు అయిపోవాలంటుంది.

ప్రమాదం ఎంత

అందరినీ భయపెట్టేది గర్భాశయం పాత కుట్టు దగ్గర చిట్లడం. నొప్పుల ప్రయత్నం చేసిన ప్రతి 200 మందిలో ఒకరికి ఇది జరుగుతుంది. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయించుకున్నవారిలో పదివేలకు ఇద్దరు. మందులతో నొప్పులు తెప్పించినా, వచ్చిన నొప్పులను పెంచినా ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది. నొప్పులు తెప్పించే మిసోప్రోస్టాల్ బిళ్ళను పాత కుట్టు ఉన్నవారికి నెలలు నిండిన కాన్పులో వాడకూడదు. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కూడా ఎడం లేకపోతే ముప్పు పెరుగుతుంది. ప్రయత్నంలో బిడ్డ చనిపోయే ప్రమాదం పదివేలకు నాలుగు. తొలి కాన్పులో ఏ తల్లికైనా ఉండే ప్రమాదం దాదాపు ఇంతే. ముందే నిర్ణయించిన ఆపరేషన్‌లో అది పదివేలకు ఒకటి.

త్రాసు రెండో పళ్ళెంలో ఆపరేషన్ మీద ఆపరేషన్ పెంచే ముప్పు ఉంది. మాయ గర్భాశయం కింది భాగంలో పాత కుట్టు మీద అతుక్కుంటే అది గర్భాశయ గోడలోకి దిగిపోవచ్చు. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మాయ కిందికి ఉన్న స్త్రీలలో ఇలా జరగడం మొదటి సిజేరియన్ సమయానికి 3 శాతం, రెండోదానికి 11, మూడోదానికి 40 శాతంగా తేలింది. అలాంటి కాన్పులో రక్తం వరదలా పోతుంది, తరచు గర్భసంచి తీసేయాల్సి వస్తుంది. మూడో బిడ్డ కావాలనుకునే కుటుంబానికి ఈ లెక్క చాలా ముఖ్యం. ఇద్దరితో ఆపేవారికి అంత కాదు. వారికి వీబ్యాక్ వల్ల మిగిలేది త్వరగా కోలుకోవడం, కడుపు మీద మరో కోత లేకపోవడం, ఇంట్లో మూడేళ్ళ పెద్దబిడ్డను చంకనెత్తుకోగలగడం. ఇవీ చిన్నవేం కావు. నొప్పులు పడి పడి చివరికి ఆపరేషన్ కావడమే అన్నిటికంటే ఇబ్బందికరమైన దారి అని కూడా ఒప్పుకోవాలి. ఇన్ఫెక్షన్, రక్తస్రావం అందులోనే ఎక్కువ.

కొత్త డాక్టరు దగ్గర

నెలలు నిండాక వచ్చిన గర్భిణిని ఆసుపత్రులు వెంటనే చేర్చుకోవు. పేరు నమోదు కాని కేసు అంటే వారికి జంకు. ఆపరేషన్ నోట్, ఈ గర్భం తాలూకు స్కానింగులన్నీ, ముఖ్యంగా మాయ ఎక్కడుందో రాసిన అయిదో నెల స్కానింగ్, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, షుగరు పరీక్షలు, ప్రభుత్వ కేంద్రంలో ఇచ్చిన మాతా శిశు సంరక్షణ కార్డు వెంట ఉంటే మాట వేరు. నెగటివ్ గ్రూపు వారికి యాంటీ-డి ఇంజెక్షన్ పడిందా లేదా అన్న చిన్న విషయం డాక్టరు మారినప్పుడే జారిపోతుంది.

డాక్టరును “నార్మల్ చేస్తారా?” అని అడిగితే ఎవరైనా చేస్తామనే అంటారు. ఈ వ్యాసకర్త దృష్టిలో పనికొచ్చే ప్రశ్నలు వేరు: రాత్రి వేళ మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? రక్తం అక్కడే దొరుకుతుందా? 40 వారాలు దాటితే ఏం చేస్తారు? పోయిన ఏడాది ఇలా ప్రయత్నించినవాళ్ళెందరు, అయినవాళ్ళెందరు? చివరి ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పే చోటుకి, చిరునవ్వుతో చెప్పే చోటుకి చాలా తేడా ఉంటుంది.

నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండె చప్పుడును ఆగకుండా మెషీన్ మీద చూస్తారు, ఎందుకంటే కుట్టు విడిపోతున్నప్పుడు చాలాసార్లు మొదట తేడా కనిపించేది అక్కడే. నొప్పికి నొప్పికి మధ్య కూడా కుట్టు దగ్గర తగ్గని నొప్పి, రక్తం కనబడటం, దిగిన తల మళ్ళీ పైకి పోవడం కూడా ఆనవాళ్ళు. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ వేయించుకోవచ్చు. అది కుట్టు నొప్పిని కప్పేస్తుందన్న పాత భయాన్ని ఇప్పటి మార్గదర్శకాలు పట్టించుకోవు. ఇంట్లో కాన్పు మాత్రం పాత కుట్టు ఉన్నవారికి తగదు.

దూరం

శంషాబాద్ నుంచి నొప్పులతో బయల్దేరే మనిషికి రెండు దారులు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి వైపు కార్పొరేట్ ఆసుపత్రులకు సాఫీగా పోవచ్చు. నగరం నడిబొడ్డుకు వెళ్ళాలంటే ఆరాంఘర్ దాటాలి. అక్కడి నుంచి మెహిదీపట్నం దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది. జూపార్కు వైపు ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు. ఈ రెండో వంతెనతో పాతబస్తీ దగ్గరి పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి దారి సులువైంది. తొలి కాన్పు అయితే నొప్పులు ముదిరేదాకా ఇంట్లో ఉండమని సలహా ఇస్తారు. పాత కుట్టు ఉన్నవారికి, అందులోనూ షాద్‌నగర్ లాంటి దూరాల నుంచి రావలసినవారికి, ఆ సలహా పనికిరాదు. నొప్పులు మొదలవగానే, లేదా ఉమ్మనీరు పోగానే బయల్దేరాలి. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లోనే మొదలైన 108 అంబులెన్సు ఉంది. అందులో ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్నది ముందే తేల్చుకుని, ఫైలు సంచిలో పెట్టుకోవాలి. లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికే తీసుకెళ్తారు.

ఎక్కడికి వెళ్తారు

హైదరాబాద్‌లో సహజ ప్రసవం మాట వచ్చినప్పుడు మొదట వినబడే పేరు ఫెర్నాండెజ్ ఆసుపత్రి. 1948లో బొగ్గులకుంటలో ఒక ఇంట్లో చిన్నగా మొదలైంది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో 2011 నుంచి వృత్తి మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇస్తోంది. ఈ సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అన్నిటికంటే ఎక్కువ కోతలు పడే జిల్లాను ఎంచుకోవడం తెలిసి చేసిన పనే. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. మిడ్‌వైఫ్ విజయా కృష్ణన్ నడిపే శాంక్టమ్ లాంటి ప్రసవ కేంద్రాలు కూడా నగరంలో ఉన్నాయి. చదువుకున్న, డబ్బున్న గర్భిణులు ఎక్కువగా ఈ దారిలో వెళ్తారు.

మిగిలినవారికి పేట్లబురుజు, కోఠి సుల్తాన్ బజార్, గాంధీ, నీలోఫర్ ఆసుపత్రులున్నాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రీపగలూ డ్యూటీ డాక్టర్లు, మత్తు డాక్టర్లు, రక్తనిధి ఉంటాయి. అంటే వీబ్యాక్‌కు కావలసిన భద్రత అక్కడ కాగితం మీద చాలా ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల కంటే ఎక్కువ. లేనిది పక్కన కూర్చుని చూసే మనిషి. ఒక నర్సు ఎన్నో మంచాలు చూసుకునే లేబర్ రూమ్‌లో ఒక్కరి గుండె చప్పుడు కాగితాన్ని ఆగకుండా గమనించడం కష్టం. నార్మల్ డెలివరీలు పెంచిన సిబ్బందికి 2022లో ప్రభుత్వం నగదు ప్రోత్సాహకం ప్రకటించింది. ఉద్దేశం మంచిదే. కానీ సంఖ్య కోసం ఆపరేషన్ ఆలస్యం చేసే చోటు, సంఖ్య కోసం ఆపరేషన్ చేసే చోటు కంటే మెరుగైనదేమీ కాదు.

విమానం దిగినవాళ్ళు

విదేశాల నుంచి వచ్చేవారికి తొందర ఎయిర్‌లైన్ నియమాల వల్ల వస్తుంది. 28 వారాల తర్వాత డాక్టరు సర్టిఫికెట్ అడిగే ఎయిర్‌లైన్లున్నాయి. ఒక్క బిడ్డ ఉన్న గర్భిణిని 36 వారాలు దాటాక సాధారణంగా ఎక్కించుకోరు, కవలలైతే 32 వారాలే హద్దు. అందువల్ల దిగేసరికి చాలామంది ఏడు, ఎనిమిది నెలల్లో ఉంటారు. వీళ్ళ చేతిలో ఉండే ఫైలు సాధారణంగా మన నర్సింగ్ హోమ్ ఫైలు కంటే వివరంగా ఉంటుంది. మొదటి ఆపరేషన్ విదేశంలో జరిగి ఉంటే ఆ ఆపరేషన్ నోట్‌ను కొన్నిచోట్ల ఆసుపత్రి వెబ్‌సైట్ నుంచే తీసుకోవచ్చు.

అమెరికాలో ఉండిపోయిన తెలుగు స్త్రీలకు ఇదే పని ఇంకా కష్టం. నెలలు నిండిన కొత్త పేషెంటును చేర్చుకోని క్లినిక్కులు అక్కడ ఎక్కువ. వీబ్యాక్ అసలే చేయని ఆసుపత్రులూ ఉన్నాయి. డాక్టర్లు విజయావకాశాన్ని లెక్కగట్టడానికి 2007లో వచ్చిన ఒక కాలిక్యులేటర్‌ను వాడేవారు. నల్లజాతి, హిస్పానిక్ స్త్రీలకు అది తక్కువ మార్కులు వేసేది. విమర్శలు వచ్చాక 2021లో జాతి ప్రస్తావన తీసేసిన కొత్త రూపం వచ్చింది. బ్రిటన్‌లో మాత్రం ముందు సిజేరియన్ అయినవారితో ఎలా కనాలో కూర్చుని మాట్లాడటం మామూలు గర్భిణి సంరక్షణలో భాగం. డాక్టరును మార్చే అవసరం అక్కడ అంతగా రాదు.

కాగితాలు, చట్టం

పేషెంటు అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. రికార్డులను మూడేళ్ళు దాచాలన్నది కూడా అందులోనే ఉంది. ఈ మూడేళ్ళ గడువు మన విషయంలో చాలా ముఖ్యం. మొదటి కాన్పుకు, రెండోదానికి మధ్య నాలుగేళ్ళ ఎడం ఉంటే నల్లగొండ నర్సింగ్ హోమ్ చట్టప్రకారమే ఆ ఫైలును పారేసి ఉండవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, రికార్డులు పొందే హక్కు రెండూ ఉన్నాయి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీం కోర్టు, ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారం మరో చికిత్సకు చెల్లదని, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే మినహాయింపని తేల్చింది. ఆ కేసు గర్భసంచి తీసేయడం గురించినది.

కాబట్టి ఈ ప్రాంతంలో మొదటి సిజేరియన్ అయిన ఏ స్త్రీ అయినా, రెండో కాన్పు గురించి ఆలోచన ఉన్నా లేకున్నా, డిశ్చార్జి రోజునే ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకోవడం మేలు. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నా చాలు. బిల్లు కట్టే కౌంటరు దగ్గర అడిగితే ఇవ్వరు. వార్డు నర్సునో డ్యూటీ డాక్టరునో అడగాలి, అవసరమైతే కాగితం మీద రాసి ఇవ్వాలి.